బరువు తగ్గించే మందులు, సప్లిమెంట్లు: మా కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో మా మందుల షాపుకు వచ్చేవాళ్లలో బరువు గురించి అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. దేవరకొండ, మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్లవీ, పాలమూరు నుంచి ఫోన్ చేసేవాళ్లవీ దాదాపు ఒకే ప్రశ్నలు. వాటికి జవాబులు ఒక్కచోట రాసి పెడుతున్నాం. ఈ మందుల్లో చాలావాటికి అసలు కష్టం వాటిని ఒంట్లోకి చేర్చడంలోనే వచ్చింది, కంపెనీల తెలివంతా అక్కడే ఖర్చయింది. మా కౌంటర్ దగ్గర పొరపాట్లు జరిగేది కూడా అక్కడే. అందుకే "ఏం గోలీ?" అన్నదానికి తక్కువ, "ఎట్లా వేసుకోవాలి?" అన్నదానికి ఎక్కువ రాశాం. డోసు మాత్రం మీ డాక్టర్ చీటీలో ఉన్నదే.

బరువు తగ్గే సూది అంటున్నారు, అది అసలు ఏం చేస్తుంది?

అన్నం తిన్నాక మన పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఊరుతుంది. అది ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది, పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, ఇక చాలని మెదడుకు చెబుతుంది. సెమాగ్లూటైడ్ ఈ హార్మోన్ పనే చేసే మందు. టిర్జెపటైడ్ దీంతోపాటు జీఐపీ అనే మరో హార్మోన్ పనీ చేస్తుంది. మీరు వినే పేర్లలో ఓజెంపిక్, వెగోవీ, రైబెల్సస్ మూడింట్లో ఉన్నది సెమాగ్లూటైడే. మౌంజారోలో ఉన్నది టిర్జెపటైడ్. మౌంజారో మన దేశానికి 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో వచ్చాయి.

చాలామంది దీన్ని కొవ్వు కరిగించే సూది అనుకుంటారు. అది నేరుగా కొవ్వును కరిగించదు. ఆకలి తగ్గుతుంది, తక్కువ తింటారు, దాంతో బరువు తగ్గుతుంది. సూది వేసుకుంటూ మొండిగా మునుపటంత తింటే తగ్గేది తక్కువ, వాంతులు మాత్రం ఖాయం.

షుగర్‌కు ఇన్సులిన్ రోజూ పొడుచుకోవాలి కదా, ఇది వారానికి ఒక్కటే ఎట్లా సరిపోతుంది?

మంచి ప్రశ్న. మన ఒంట్లో పుట్టే జీఎల్‌పీ-1 రక్తంలో ఒకటి రెండు నిమిషాలకు మించి నిలవదు. డీపీపీ-4 అనే ఎంజైమ్ దాన్ని వెంటనే తుంచేస్తుంది. ఈ హార్మోన్ షుగర్ తగ్గిస్తుందని తెలిసినా చాలా ఏళ్లు మందుగా పనికిరాకపోవడానికి కారణం అదే.

దారి దొరికింది ఒక బల్లి జాతి జంతువు దగ్గర. అమెరికా ఎడారుల్లో గిలా మాన్‌స్టర్ అనే పెద్ద విషపు బల్లి ఉంటుంది. దాని విషంలో జీఎల్‌పీ-1ను పోలిన పదార్థం ఒకటి ఉందని, అది అంత తొందరగా చెడిపోదని జాన్ ఎంగ్ అనే డాక్టర్ 1992లో బయటపెట్టారు. అందులోంచి వచ్చిన ఎక్సెనటైడ్‌కు 2005లో అమెరికాలో అనుమతి దొరికింది. అయితే అది రోజుకు రెండుసార్లు పొడుచుకోవాల్సిన సూది.

సెమాగ్లూటైడ్ తయారీలో వేరే ఉపాయం చేశారు. మనిషి హార్మోన్‌నే తీసుకుని, ఎంజైమ్ తుంచే చోట అమైనో ఆమ్లాన్ని మార్చారు. ఆపైన ఒక కొవ్వు ఆమ్లపు తోక తగిలించారు. ఆ తోక రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్‌ను పట్టుకుని బస్సెక్కినట్టు ఒళ్లంతా తిరుగుతుంది, మూత్రపిండాలకు అంత సులువుగా చిక్కదు. వేసుకున్న మందులో సగం పోవడానికే దాదాపు వారం పడుతుంది.

ఈ సుఖానికి ఇంకో వైపు ఉంది. వికారమో వాంతులో మొదలైతే రేపటికల్లా మందు దిగిపోదు, అది ఒంట్లోనే ఉంటుంది. అందుకే చిన్న డోసుతో మొదలుపెట్టి, సాధారణంగా కనీసం నాలుగు వారాలకోసారి పెంచుతారు. "తొందరగా తగ్గాలి, పెద్ద డోసు ఇవ్వండి" అని అడిగేవాళ్లకు మేం ఇవ్వం, ఏ డాక్టరూ రాయకూడదు.

సూదంటే భయం. అదే మందు గోలీగా దొరుకుతుందట కదా?

దొరుకుతుంది, రైబెల్సస్ పేరుతో. అమెరికాలో 2019లో, మన దగ్గర 2022లో వచ్చింది. మా లెక్కలో ఈ మొత్తం కథలో అతి గొప్ప పనితనం ఈ గోలీదే. ఇంట్లో అతి తప్పుగా వాడేది కూడా దీన్నే.

సెమాగ్లూటైడ్ ఒక పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ ముక్క. పొట్టలోకి వెళ్తే మాంసం ముక్క అరిగినట్టే అరిగిపోవాలి. దాన్ని కాపాడటానికి ప్రతి గోలీలో ఎస్‌ఎన్‌ఏసీ అనే పదార్థం 300 మిల్లీగ్రాములు కలిపారు. గోలీ జీర్ణాశయం గోడకు ఆనుకుని కరుగుతున్నప్పుడు ఎస్‌ఎన్‌ఏసీ ఆ కాస్త చోట ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ప్రోటీన్‌ను అరిగించే పెప్సిన్ పని అక్కడ మందగిస్తుంది, ఆ సందులో మందు గోడ దాటి రక్తంలోకి పోతుంది. ఇంత చేసినా లోపలికి చేరేది వందలో ఒక వంతు, ఒక్కోసారి అంతకూ తక్కువ. వారం సూదిలో అర మిల్లీగ్రాముతో అయ్యే పనికి గోలీలో రోజుకు 14 మిల్లీగ్రాముల దాకా పెట్టాల్సి వచ్చింది అందుకే.

చేరేదే అంత తక్కువైనప్పుడు వేసుకునే తీరులో చిన్న తేడా వచ్చినా గోలీ వృథా. పొద్దున లేవగానే పరిగడుపున వేసుకోవాలి. నీళ్లు 120 మిల్లీలీటర్లకు మించొద్దు, అంటే స్టీలు గ్లాసులో సగం కన్నా తక్కువే. గ్లాసెడు నీళ్లు గటగటా తాగితే ఎస్‌ఎన్‌ఏసీ పలచబడిపోతుంది. ఆ తర్వాత కనీసం అరగంట ఛాయ్ వద్దు, అంబలి వద్దు, వేరే గోలీలు వద్దు. కొరకొద్దు, విరగ్గొట్టొద్దు. "గోలీ పనిచేయట్లేదు, డోసు పెంచాలేమో" అని వచ్చేవాళ్లను మేం మొదట అడిగేది పొద్దున ఛాయ్ ఎన్నింటికి తాగుతారని. సగం మంది దగ్గర జవాబు అక్కడే దొరుకుతుంది.

థైరాయిడ్ గోలీ వేసుకునేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు. అదీ పరిగడుపునే వేసుకోవాలి. రెండూ కలిస్తే రక్తంలో థైరాయిడ్ మందు పెరగొచ్చు. రెండూ వాడుతున్నారని డాక్టర్‌కు చెప్పి, టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి.

ఎన్ని కిలోలు తగ్గుతారు?

కిలోల్లో ఎవరూ మాట ఇవ్వలేరు. పెద్ద పరీక్షల లెక్కలు శాతాల్లో ఉంటాయి. సెమాగ్లూటైడ్ 2.4 మిల్లీగ్రాముల వారం సూదితో 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. ఉత్తుత్తి సూది వేసుకున్నవాళ్లలో 2.4 శాతం. టిర్జెపటైడ్ పెద్ద డోసు 15 మిల్లీగ్రాములతో 72 వారాల్లో 20.9 శాతం. 90 కిలోల మనిషికి 15 శాతం అంటే పదమూడున్నర కిలోలు, అదీ ఏడాది పైచిలుకు టైంలో. నెల రోజుల్లో పది కిలోలని ఎవరైనా చెబితే ఆ షాపు దాటి ముందుకు నడవండి.

ఆపేస్తే ఏమవుతుందనేది ఎవరూ ముందు అడగరు, కానీ అడగాల్సింది అదే. ఆ సెమాగ్లూటైడ్ పరీక్షలో మందు ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. పెళ్లి ముహూర్తం దాకా వాడి ఆపేద్దామనుకునేవాళ్లకు మేం చెప్పేది ఈ ఒక్క లెక్కే.

నాకు ఇస్తారా? ఎవరికి ఇవ్వరు?

నిర్ణయం డాక్టర్‌ది. మన శరీరాల్లో తక్కువ బరువుకే పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్ వస్తాయి కాబట్టి మనవాళ్లకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన డాక్టర్లు లెక్కేస్తారు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. మందు రాయడానికి మాత్రం బీఎంఐ ఇంకా ఎక్కువ ఉండాలి, లేదా షుగర్, బీపీ లాంటివి తోడుగా ఉండాలి.

ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, ఎంఈఎన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నా ఈ మందులు పనికిరావు. ప్యాంక్రియాస్ వాపు వచ్చినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌కు తప్పక చెప్పాలి. గర్భిణులకు వద్దు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు సెమాగ్లూటైడ్‌ను కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగేసి వారాలు గర్భనిరోధక గోలీల మీదే ఆధారపడొద్దు. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది కనుక ఆ గోలీ సరిగా అందకపోవచ్చు. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టర్‌కు ఈ సూది సంగతి ముందే చెప్పాలి, కారణం అదే.

ఇంకొకటి. మన దగ్గర షుగర్‌కు గ్లిమెపిరైడ్ కలిసిన గోలీలు చాలామంది వాడుతున్నారు. దాంతోనో ఇన్సులిన్‌తోనో ఈ సూది కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. పాత గోలీ డోసు తగ్గించాలేమో అడిగి తెలుసుకున్నాకే మొదటి సూది వేయించుకోండి.

ధర అంత ఎందుకు? తగ్గుతుందా?

మౌంజారో మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 మిల్లీగ్రాముల వయల్ 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. వారానికొకటి కాబట్టి నెలకు 14,000 నుంచి 17,500. సెమాగ్లూటైడ్ మీద మన దేశపు పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. పేటెంట్ పోయిన మందును అనుమతి తీసుకుని ఏ కంపెనీ అయినా చేయొచ్చు, ధరలు దిగేది అట్లానే. చౌటుప్పల్, జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్ వైపు వెళ్లినవాళ్లకు తెలుసు, ప్రపంచానికి మందులు పంపే ఫ్యాక్టరీలు మన పక్కనే ఉన్నాయి. అంతమాత్రాన "ఫ్యాక్టరీ నుంచి నేరుగా, బిల్లు లేకుండా" అని అమ్మే పెన్నులు (ఈ మందు నింపి ఉండే, పెన్ను ఆకారపు సూదులు) కొనకండి. ఫ్యాక్టరీలు పెన్నులను అట్లా అమ్మవు.

మా ఊళ్లో కరెంటు పోతుంటుంది. ఎండాకాలం సూదిని ఎట్లా దాచాలి?

నల్లగొండ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. మే నెలలో 44, 45 డిగ్రీలు మనకు మామూలే, ఈ మందులకు మాత్రం అది చావు. వాడకముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో మధ్య అరలో పెట్టండి. డోర్‌లో పెడితే తెరిచి మూసినప్పుడల్లా వేడి తగులుతుంది, ఫ్రీజర్‌కు ఆనించి పెడితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన పెన్ను కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది, కానీ పారేయాల్సిందే.

వాడటం మొదలుపెట్టాక 30 డిగ్రీల లోపు బయట ఉంచుకోవచ్చని డబ్బాలో కాగితం చెబుతుంది. కొన్నింటికి 21 రోజులు, కొన్నింటికి 6 వారాలు, కంపెనీని బట్టి మారుతుంది. 30 డిగ్రీల లోపంటే యూరప్‌లో మామూలు ఇంటి వేడి. ఏప్రిల్, మే నెలల్లో మన రేకుల ఇంట్లో అర్ధరాత్రి కూడా అంత చల్లగా ఉండదు. కాబట్టి ఫిబ్రవరి చివరి నుంచి వానలు పడేదాకా తెరిచిన పెన్నునూ ఫ్రిజ్‌లోనే ఉంచమని మా సలహా. కరెంటు పోతే డోర్ తెరవకండి. మూసిన ఫ్రిజ్ మూడు నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది.

హైదరాబాద్‌లో కొని బస్సులో తెచ్చుకునేవాళ్లు ఐస్ ప్యాక్ అడగండి, కానీ పెన్నుకు, ఐస్‌కు మధ్య గుడ్డ చుట్టండి. బండి డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద పది నిమిషాలు కూడా వద్దు. మందు రంగు మారినా, నలకలు కనిపించినా వాడొద్దు.

సూదులు కాకుండా పాత గోలీ ఏదో ఉంది కదా, నూనె బయటికి పోయేది?

ఆర్లిస్టాట్. అమెరికాలో 1999లో వచ్చింది. ఇది రక్తంలోకి దాదాపు చేరదు, పేగులోనే ఉండి కొవ్వును అరిగించే లైపేజ్ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. 120 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు భోజనంతో వేసుకుంటే, తిన్న కొవ్వులో సుమారు 30 శాతం అరగకుండా మలంతో పోతుంది. పోయే తీరు మాత్రం మర్యాదగా ఉండదు. దావత్‌లో మటన్, బగారా గట్టిగా తిన్న రోజు ఈ గోలీ వేసుకుంటే బాత్రూమ్‌కు పరుగే, బట్టలకు నూనె మరకలు కూడా. కొవ్వు తక్కువ తిన్నవాళ్లకు ఈ బాధ తక్కువ. ఏడాదికి ఆహార నియమం ఒక్కదానికన్నా అదనంగా తగ్గేది సుమారు మూడు కిలోలు. ఆశలు అంతకు మించి పెట్టుకోవద్దు.

కొవ్వుతో పాటు ఎ, డి, ఇ, కె విటమిన్లూ పోతాయి. అందుకని మల్టీవిటమిన్ గోలీ దీనికి కనీసం రెండు గంటల దూరంలో, రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి. థైరాయిడ్ గోలీకి నాలుగు గంటల దూరం ఉండాలి.

ఆయుర్వేదిక్ పౌడర్, స్లిమ్మింగ్ కాఫీ, ఫ్యాట్ బర్నర్... వీటిలో సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు కదా?

మమ్మల్ని ఎక్కువ భయపెట్టేది ఈ ప్రశ్నే. సిబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు ఒకప్పుడు మన షాపుల్లోనే దొరికేది. గుండెపోటు, పక్షవాతం ప్రమాదం పెరుగుతోందని తేలి 2010లో అమెరికా, యూరప్‌లలో పోయింది, 2011లో మన ప్రభుత్వం నిషేధించింది. నిషేధించాక అది మాయం కాలేదు. "హెర్బల్" అని రాసిన పౌడర్లలో, కాఫీల్లో లేబుల్ మీద పేరు లేకుండా కలిపి అమ్ముతున్నారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పదేపదే పట్టుకుంది. మూలికలతో చేసిన పొడి తాగితే మూడో రోజుకే ఆకలి చచ్చిపోయి, నోరెండి, గుండె దడదడమంటే అది మూలిక పని కాదేమోనని అనుమానించండి.

నిజంగా మూలికలే ఉన్నా హాని ఉండదని లేదు. గార్సీనియా అనే కాయ సారం ఉన్న కొన్ని ఉత్పత్తులతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. గ్రీన్ టీ తాగడం వేరు, దాని సారం గోలీలుగా మింగడం వేరు. గ్రీన్ టీ సారంలో ఉండే ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన సప్లిమెంట్‌గా తీసుకుంటే కాలేయానికి ముప్పని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. డీఎన్‌పీ అని జిమ్ కుర్రాళ్లు ఆన్‌లైన్‌లో వెతికే పసుప్పచ్చ పొడి ఉంది. 1930లలో బరువు తగ్గడానికి వాడి, మనుషులు చనిపోయారని 1938లో అమెరికాలో ఆపేశారు. ఒంట్లో వేడి అదుపు తప్పి ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు మందు లేదు.

పొట్ట మీద అంటించే ప్యాచ్‌లు? జీఎల్‌పీ-1 ప్యాచ్ అని యాడ్ వచ్చింది.

చర్మం గోడ లాంటిది. సుమారు 500 డాల్టన్ల (అణువుల బరువు కొలిచే లెక్క) లోపు బరువున్న, కొవ్వులో కరిగే చిన్న అణువులే దాన్ని దాటుతాయి. నికోటిన్ దాటుతుంది, నొప్పి మందు ఫెంటనిల్ దాటుతుంది. సెమాగ్లూటైడ్ అణువు బరువు 4,100 డాల్టన్ల పైన. మామూలు స్టిక్కర్ అంటించినంత మాత్రాన అది లోపలికి పోదు. డబ్బు ఆదా చేసుకోండి.

పొట్టలో ఉబ్బే క్యాప్సూల్ ఒకటి వచ్చిందని విన్నాం?

ప్లెనిటీ అని, సెల్యులోజ్, సిట్రిక్ యాసిడ్‌తో చేసిన జెల్. 2019లో అమెరికాలో మందుగా కాదు, వైద్య పరికరంగా అనుమతి ఇచ్చారు. భోజనానికి ముందు మూడు క్యాప్సూళ్లు అర లీటరు నీళ్లతో మింగితే పొట్టలో జెల్ నిండుతుంది. ఆరు నెలల పరీక్షలో సగటున 6.4 శాతం బరువు తగ్గింది, ఉత్తుత్తి క్యాప్సూల్‌తో 4.4 శాతం. తయారు చేసిన కంపెనీ 2023లో దివాలా తీసింది. ఇసబ్గోల్ కూడా నీళ్లు పీల్చి ఉబ్బేదే, మలబద్ధకానికి బాగా పనిచేస్తుంది. బరువుకు పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. వేసుకుంటే మాత్రం నీళ్లు ధారాళంగా తాగాలి, లేకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది.

విటమిన్ డి సాచెట్ రోజూ వేసుకోవచ్చా?

వద్దు. 60,000 యూనిట్ల సాచెట్ లేదా క్యాప్సూల్ సాధారణంగా వారానికి ఒకటి, అదీ డాక్టర్ చెప్పినన్ని వారాలే. ఎనిమిది వారాలు రాయడం మామూలు. చీటీ సరిగా చదవక రోజుకొకటి చొప్పున వేసుకున్నవాళ్లను చూశాం. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, అతిదాహం, మగత, కిడ్నీ ఇబ్బందులు వస్తాయి. తూకంలో అది ఒకటిన్నర మిల్లీగ్రామే, కానీ ఒంట్లో కొవ్వులో దాక్కుని నెలల తరబడి ఉంటుంది. కొవ్వులో కరిగేది కాబట్టి పాలతోనో, మధ్యాహ్నం భోజనం తర్వాతో వేసుకోండి. నానో షాట్ అని దొరికే చిన్న సీసాల్లో మందును నీళ్లలో కలిసేంత సన్నగా చేశారు, వాటికి కొవ్వు అవసరం తక్కువ. ధర కూడా చూసుకోండి.

ఐరన్ గోలీ వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. మానేయనా, అన్నా?

మానేయొద్దు అక్కా, వేళ మార్చి చూద్దాం. ఐరన్ పరిగడుపున బాగా అందుతుంది, తిప్పేదీ అప్పుడే. తట్టుకోలేకపోతే తిన్నాక వేసుకోండి, కొంచెం తక్కువ అందినా గోలీ డబ్బాలో ఉండిపోవడం కన్నా నయం. ఛాయ్, కాల్షియం గోలీ, గ్యాస్ గోలీ ఐరన్‌ను అందనివ్వవు. వాటికి రెండు గంటల దూరం పెట్టండి. సి విటమిన్ సాయం చేస్తుంది. దానికి వేరే గోలీ ఎందుకు, మన నల్లగొండ బత్తాయి ఉంది, నకిరేకల్ నిమ్మకాయ ఉంది.

ఒక డోసు ఐరన్ వేసుకోగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి మరుసటి డోసును కొంత అడ్డుకుంటుంది. అందుకని కొంతమందికి డాక్టర్లు రోజు విడిచి రోజు రాస్తున్నారు. గర్భిణులు సొంతంగా అట్లా మార్చుకోవద్దు. బడిలో పెద్దపిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం గోలీలో 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. చిన్నపిల్లలది గులాబీ రంగు. అవి ఉచితంగా ఇస్తారు, నాసిరకం అనుకోకండి. మలం నల్లబడితే కంగారు పడొద్దు.

ఫ్లోరైడ్ ఊళ్లో ఉంటాం. కాల్షియం గోలీలు వేసుకుంటే ఎముకలు బాగవుతాయా?

మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లు ఇది అడుగుతారు. కాల్షియం పేగులో ఫ్లోరైడ్‌ను పట్టుకుని కొంత లోపలికి పోకుండా చేస్తుంది. పాలు, పెరుగు, తైదలు బాగా తినమని చెప్పేది అందుకే. అప్పటికే వంగిన ఎముకలను ఏ గోలీ సరిచేయలేదు. అసలు మందు మంచి నీళ్లే. పటికతో, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేసి మన జిల్లా పేరే పెట్టారు. నల్గొండ టెక్నిక్ అని ప్రపంచమంతా చదువుకుంటారు. గోలీల యాడ్ల గోలలో పడి మనమే దాన్ని మర్చిపోతున్నాం.

గోలీ వేసుకునేవాళ్లకు: కాల్షియం కార్బొనేట్ అయితే అన్నంతో, సిట్రేట్ అయితే ఎప్పుడైనా. ఒక్కసారికి 500 మిల్లీగ్రాములకు మించి ఒళ్లు సరిగా తీసుకోలేదు, రెండు పూటలుగా విడగొట్టండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టొద్దు.

బి12కు సూది మంచిదా, గోలీ మంచిదా, నాలుక కింద పెట్టేదా?

లోపం తీవ్రంగా ఉండి కాళ్లు చేతులు తిమ్మిర్లెక్కుతుంటే సూదే. మిగతావాళ్లకు పెద్ద డోసు గోలీ చాలు. నాలుక కింద పెట్టేదానికి మింగే గోలీ కన్నా ఎక్కువ గుణం ఉందని తేలలేదు. 1,000 మైక్రోగ్రాముల గోలీలో వందకు ఒక వంతు తనంతట తానే పేగు దాటుతుంది. రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే కాబట్టి అట్లా చేరే పది మైక్రోగ్రాములు సరిపోతాయి. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవాళ్లు బి12 పరీక్ష చేయించుకోండి.

గమ్మీలు, నీళ్లలో వేస్తే బుసబుసమనే గోలీలు మామూలు గోలీల కన్నా మేలా?

మింగలేనివాళ్లకు సౌకర్యం, అంతే. బుసబుసమనే గోలీల్లో సోడియం ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు రోజూ తాగొద్దు. మూత గట్టిగా పెట్టకపోతే వానాకాలం తేమకు డబ్బాలోనే పాడవుతాయి. గమ్మీల్లో చాలావాటిలో చక్కెర ఉంటుంది. పిల్లలు చాక్లెట్లనుకుని డబ్బా ఖాళీ చేస్తారు, పై అరలో పెట్టండి.

గోలీ పెద్దగా ఉంది, విరగ్గొట్టి వేసుకోవచ్చా?

పేరు పక్కన ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉంటే విరవొద్దు, నూరొద్దు. రోజంతా కొద్దికొద్దిగా దిగాల్సింది ఒక్కసారే దిగుతుంది. కొన్ని మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ గోలీల పెంకు మలంలో కనిపించొచ్చు. మందు లోపలికి పోయాక మిగిలిన తొడుగు అది, భయపడకండి. పొట్ట ఆమ్లానికి కరగని పూత ఉన్న గ్యాస్ గోలీలనూ నూరకూడదు. మధ్యలో గీత ఉన్న మామూలు గోలీలను చాలావరకు విరవొచ్చు, అయినా ఒకసారి అడగండి.

డబ్బా మీద "పేటెంటెడ్ ఫార్ములా" అని ఉంది. అంటే ప్రభుత్వం పరీక్షించినట్టేనా?

కాదు. పేటెంట్ ఆఫీసు చూసేది అది కొత్తదా, అందులో నిపుణులకు తట్టని ఉపాయం ఉందా, తయారీకి పనికొస్తుందా అని. మీ బరువు తగ్గుతుందా, కాలేయానికి మంచిదా అని అది చూడదు. పేటెంట్ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఇరవై ఏళ్లు. మన చట్టం కొంచెం గట్టిదే. సెక్షన్ 3(డి) కింద, తెలిసిన మందునే రూపం మార్చి తెస్తే గుణం పెరిగినట్టు చూపాలి. 2013లో సుప్రీంకోర్టు క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో ఈ మాటే నిలబెట్టింది. సెక్షన్ 3(పి) ప్రకారం మన సంప్రదాయ జ్ఞానం మీద పేటెంట్ ఇవ్వరు. అమెరికాలో పసుపుతో గాయాలు మానుతాయని 1995లో పేటెంట్ ఇచ్చేశారు, మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పోరాడితే 1997లో రద్దు చేశారు.

పసుపు మాట వచ్చింది కాబట్టి: పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం ఒంటికి సరిగా అందదు. మిరియాలలోని పైపరిన్ కలిపితే మనుషుల్లో చాలా రెట్లు ఎక్కువ అందిందని 1998లో బెంగళూరు శాస్త్రవేత్తలు చూపారు. ఇప్పుడు ప్రతి డబ్బాలోనూ అదే జోడీ. పైపరిన్ వేరే మందులనూ అట్లాగే ఎక్కువ అందేలా చేయగలదు. ఫిట్స్ మందు, రక్తం పలచబరిచే మందు వాడేవాళ్లు ఈ క్యాప్సూళ్ల జోలికి పోవద్దు. కూరలో వేసే పసుపు, మిరియాలకు ఈ భయం లేదు.

మందుకూ సప్లిమెంట్‌కూ తేడా లేబుల్ మీద ఎట్లా తెలుస్తుంది?

సప్లిమెంట్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) నంబర్, వైద్యానికి వాడేది కాదన్న హెచ్చరిక ఉంటాయి. మందు మీద డ్రగ్ లైసెన్స్ నంబర్, చీటీ కావలసినదైతే ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ వేసుకుని షుగర్ నయం చేస్తామని రాసిన డబ్బా ఆ ఒక్క మాటతోనే నియమం తప్పింది.

సూది వేసుకుంటున్నాం, తిండి తగ్గింది. ఏ సప్లిమెంట్లు కావాలి?

ముందు తిండే. తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. కొంచెమే తినగలిగినప్పుడు ఆ కొంచెంలో గుడ్డు, పప్పు, చేప, పెరుగు ముందు తినండి, అన్నం చివర్లో. జొన్న రొట్టెలో పప్పుకూర ఎక్కువగా పెట్టుకోండి. వారానికి రెండు మూడు రోజులైనా బరువులెత్తే పని చేయండి. నీళ్లు తగ్గితే మలబద్ధకం, తలతిప్పు వస్తాయి. మల్టీవిటమిన్, బి12, డి అవసరమా కాదా రక్త పరీక్ష చెబుతుంది. ప్రోటీన్ పౌడర్ గురించి: కండ పెంచడానికి దాన్ని వాడొద్దని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. తిండి బొత్తిగా సాగనివాళ్లకు డాక్టర్ రాస్తే అది వేరే సంగతి.

ఒక పెన్ను కొని ఇద్దరం వాడుకోవచ్చా? వాడిన సూదులు ఏం చేయాలి?

భార్యాభర్తలైనా, అక్కాచెల్లెళ్లైనా పంచుకోవద్దు. సూది మార్చినా పెన్ను లోపలికి రక్తం వెనక్కి లాగబడొచ్చు, కామెర్లు, హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉంటుంది. ప్రతిసారీ కొత్త సూది వాడండి. వాడినవి చెత్తబండిలో విడిగా వేయకండి, చెత్త ఏరేవాళ్ల చేతికి గుచ్చుకుంటాయి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి. ముప్పావు వంతు నిండాక మీరు చూపించుకునే ఆస్పత్రిలో ఇవ్వండి, లేదా మా కౌంటర్ దగ్గరికి తెస్తే మేం ఆస్పత్రి చెత్తతో పంపిస్తాం.